రేకు మీద దెబ్బ

పలాసలో, కాశీబుగ్గ గేటు దాటాక
జీడిపప్పు ఫ్యాక్టరీలో, బోర్మా పక్కన
తొక్కల దుమ్ము పట్టిన చిన్న పెట్టె.
అందులో నేను రాసిన ప్రోగ్రాం
రాత్రీ పగలూ వేడి చూస్తూ, తూకాలు రాసుకుంటూ ఉంటుంది.
దానికి తెర లేదు, మీటలు లేవు.
పిలవాలంటే సిగ్నల్ ఒక్కటే దారి.

ఏ పిలుపుకి ఏ అర్థం?
మూడు రోజులు అదే గొడవ.
యూనిక్స్‌లో కొత్త పిలుపు పుట్టించలేం,
పాతికో ముప్పయ్యో పేర్లు
మనకంటే ముందొచ్చినవాళ్ళు పెట్టేసి పోయారు.
అందులో రెంటిని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు,
కిల్, స్టాప్.
హ్యాండ్లర్ రాస్తానంటే వ్యవస్థ మొహమ్మీదే కాదంటుంది.
టెర్మ్ అంటే మర్యాదగా పొమ్మనడం.
ఆ మర్యాద చెడగొట్టబుద్ధి కాలేదు,
తూకం పుస్తకం మూసి పోయేంత వ్యవధి మాత్రం ఇచ్చాను.
హప్ అంటే ఒకప్పుడు ఫోను తీగ తెగిందని కబురు.
తీగే లేనివాడికి ఆ కబురెందుకు?
పాలడబ్బాలో ఉప్పు పోసుకున్నట్టు
‘సెట్టింగులు మళ్ళీ చదువుకో’ అని అర్థం పోశారు అందరూ.
నేనూ పోశాను.

మిగిలినవి యూజర్ వన్, యూజర్ టూ.
మన కోసమే వదిలిన ఖాళీ జాగాలని సంబరపడ్డాను.
వన్ అంటే ‘ఇప్పటిదాకా ఎంతయింది?’

పిలుపు అందగానే లేచి పరుగెత్తకూడదని
పీలింగు బల్ల దగ్గర సూరీడమ్మని చూసి నేర్చుకున్నాను.
చేతినిండా పప్పు ఉండగా ఎవరైనా కేకేస్తే
కొంగున ఒక ముడి వేసుకుంటుంది, అంతే.
పళ్ళెం అయ్యాక ముడి చూసుకుని లేస్తుంది.
నా హ్యాండ్లర్ కూడా అంతే, ఒక ముడి.
నువ్వు రెండుసార్లు పిలిచినా ముడి ఒకటే,
ఎన్నిసార్లు పిలిచావో అది చెప్పదు.

బుధవారం కరెంటు పోయి వచ్చింది.
ప్రోగ్రాం అప్పుడే కళ్ళు తెరుస్తోంది,
ఇంకా నా హ్యాండ్లర్ వరకూ రాలేదు.
తవిటినాయుడు బటను నొక్కాడు.
‘ఏటమ్మా, ఎంతయిందని అడిగితే
సచ్చిపోనాదేటి?’

ఖాళీ జాగా అనుకున్నది ఖాళీ కాదు.
మనం ఏమీ రాయనంతసేపూ
అక్కడ చావు రాసి ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే
నాయుడు కడ్డీతో రేకు మీద కొట్టాడు,
పళ్ళేలు మార్చమని, రోజూ కొట్టినట్టే.
ఆ పొద్దున్నే పనిలో చేరిన సవర సుక్కమ్మ
పప్పు ఒలకబోసి, గేటు దూకినంత పని చేసి
రోడ్డు మీద నిలబడి వెనక్కి చూసింది.
మందస కొండ మీద వాళ్ళ ఊళ్ళో
రేకు మోగిందంటే ఏనుగులొచ్చినట్టే.
ఇక్కడ అర్థం వేరని ఆమెకెవరూ చెప్పలేదు,
చెప్పాలని ఎవరికీ తోచలేదు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగాను.

రాత్రి కూర్చుని పిలుపు మార్చాను.
వించ్. కిటికీ సైజు మారిందని చెప్పడం దాని అసలు పని.
నా పెట్టెకి కిటికీ లేదు.
పైగా, దాన్ని ఎరగని ప్రోగ్రాంకి అది తగిలినా తగలనట్టే,
తెలిసినవాడికి పిలుపు, తెలియనివాడికి గాలి.
ఎప్పుడైనా నేనే తెర తగిలించి అటూ ఇటూ లాగితే
అడక్కుండానే లెక్క రాసి పెడుతుంది.
రాయనీ.

యూజర్ టూ జోలికి పోలేదు.

నాయుడు రేకు మార్చలేదు.
‘ముప్పయ్యేళ్ళ రేకు, ఒక్క గుంట కోసం మారుస్తానేటి’ అన్నాడు.
దెబ్బ పడగానే సుక్కమ్మ ఇప్పటికీ సగం లేస్తుంది.
సూరీడమ్మ, కళ్ళు పప్పు మీంచి తియ్యకుండానే,
ఆ పిల్ల కొంగు చివర
గట్టిగా పట్టుకుని ఉంటుంది.